ఆవిడ చేతికి స్టార్టవని బండి

ఆ వీధిలో అందరూ ఆవిడని పళ్ళమ్మ అని పిలిచేవారు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు ఆ పేరు విని, పళ్ళు అమ్మే మనిషనుకుని సంచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన రోజులున్నాయి. "మా దగ్గర తినే పళ్ళుండవండీ, తినడానికి పనికొచ్చే పళ్ళుంటాయి," అని నవ్వి పంపించేది.

ఆవిడ పని కట్టుడు పళ్ళు చెయ్యడం. బజారు చివర రెండు గదుల డెంటల్ ల్యాబులో, కిటికీ పక్క బల్ల ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడదే. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ కలిపి పోసేది. అది గట్టిపడ్డాక పైన గులాబీరంగు మైనం పరిచి, అందులో ఒక్కో పన్నూ గుచ్చి నిలబెట్టేది. వెంట్రుకవాసి ఎత్తు పెరిగినా నోట్లో గుచ్చుకుంటుంది, తగ్గితే నమలడానికి అందదు. ఆవిడ చేసిన సెట్టు సరిపోలేదని వెనక్కి రావడం ఏడాదికి ఒకటో రెండో. ఎవరికైనా అవసరమైన పని ఉంటే డాక్టర్లు "ఆవిడ చేతికే ఇవ్వండి" అని చీటీ మీద రాసి పంపేవాళ్ళు.

అంత నమ్మకమైన చేతులు ఇంటి ముందున్న బండి దగ్గర మాత్రం ఎందుకూ పనికిరాకుండా పోయాయి. పదిహేడేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ ఒంటరిగా కూర్చుని దాన్ని స్టార్ట్ చెయ్యలేకపోయింది.

అది ముదురాకుపచ్చ రంగు డీజిల్ ఎస్‌యూవీ. ఎవరో కాంట్రాక్టరు నాలుగేళ్ళు వాడి వదిలేస్తే ఆవిడ భర్త కొన్నాడు. అంతెత్తు బండి పక్కింటివాళ్ళ గోడకి ఆనుకున్నట్టు నిలబడేది. ఆయన పేపరు మిల్లులో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. పొద్దున్నే మిల్లు బస్సులో వెళ్ళి సాయంత్రం అదే బస్సులో వచ్చేవాడు. కాబట్టి బండి వారంలో ఆరు రోజులు రేకుల షెడ్డులో ఊరికే పడి ఉండేది. ఆయన పద్ధతి గల మనిషి. ఇంట్లో ఏ రిపేరు చేసినా, ఫ్యానుకి కండెన్సరు మార్చినా, నీళ్ళ మోటారుకి వైరు వేసినా, మిల్లులో ప్యానెల్ బోర్డులకి చేసినట్టే తేదీ రాసిన చిన్న చీటీ అతికించేవాడు. ఎప్పుడు చేశామో తెలియకపోతే పని చేసినట్టే కాదని ఆయన మాట.

ఆవిడకి డ్రైవింగు నేర్పింది అక్క. తల్లి పోయాక చెల్లెల్ని పెంచి చదివించింది కూడా అక్కే. అరవై కిలోమీటర్ల దూరంలో మరో ఊళ్ళో ఆసుపత్రి నర్సుగా పనిచేసేది. పెళ్ళి చేసుకోలేదు. ఆసుపత్రి క్వార్టర్ల వెనక ఖాళీ స్థలంలో తన డొక్కు కారులో చెల్లెల్ని కూర్చోబెట్టి, "క్లచ్చుని పాముని తొక్కినట్టు తొక్కకే చిట్టీ. నిద్రపోతున్న పిల్లాడి మీంచి చెయ్యి తీసినట్టు మెల్లిగా వదులు," అని చెప్పేది. నాలుగు ఆదివారాల్లో ఆవిడ నేర్చేసుకుంది. లైసెన్సు పరీక్షలో మొదటిసారే పాసయింది.

లైసెన్సు వచ్చిన నెలలోనే ఇంకో మంచి మాట కూడా వచ్చింది. అక్క ఊరికెళ్ళే దారిలో, ముప్పై అయిదు కిలోమీటర్ల దగ్గర కొత్తగా డెంటల్ కాలేజీ పెట్టారు. అక్కడి ల్యాబుకి ఇన్‌చార్జిగా రమ్మని పిలిచారు. ఏడింటికల్లా అక్కడుండాలి. ఆ వేళకి అందే బస్సు లేదు. ఆవిడ భయం భయంగా భర్తకి చెప్పింది.

"వెళ్ళు," అన్నాడాయన. "ఎవరొద్దన్నారు? బండి ఊరికే పడుందిగా, తీసుకెళ్ళు."

ఆ మాటకి ఆవిడ మురిసిపోయింది. చేరవలసిన సోమవారం ముందురోజు మధ్యాహ్నమంతా ఆయన బండి కిందా పైనా దూరి ఏదో చేస్తూనే ఉన్నాడు. "రేపు దూరం వెళ్ళేదానివి, అన్నీ చూసిపెట్టాలి కదా," అన్నాడు. ఆవిడ రెండుసార్లు టీ తెచ్చి ఇచ్చింది. డ్యాష్‌బోర్డు కింద చీకటిగా ఉందంటే టార్చి పట్టుకుని పక్కనే నిలబడింది. కాసేపయ్యాక, ఇక చాల్లే, లోపలికెళ్ళి పని చూసుకోమన్నాడు.

సోమవారం పొద్దున్న ఆయన మిల్లు బస్సెక్కి వెళ్ళాక ఆవిడ బండెక్కి తాళం తిప్పింది. సెల్ఫ్ గిరగిరా తిరిగింది గానీ ఇంజను అందుకోలేదు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అంతే. పదిసార్లయ్యేసరికి ఆ తిరగడం కూడా నీరసించి, చివరికి టక్కుమని ఒక్క శబ్దం చేసి ఊరుకుంది. సాయంత్రం ఆయన వచ్చి బ్యాటరీ ఛార్జింగుకి పెట్టి, రాత్రి ఎడంపక్క సీటు ముందుండే గ్లవ్ బాక్సు అర తెరిచి అందులో పసుపుపచ్చ గుడ్డ తీసి అద్దం తుడిచి, తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను గర్జించింది.

"ఏమే, ఏం చేశావే దీన్ని?" అన్నాడు.

మంగళవారమూ అదే, బుధవారమూ అదే. మెకానిక్కుని పిలిస్తే అతను ఆయన ఎదురుగా నాలుగుసార్లు స్టార్ట్ చేసి చూసి, బండి నిక్షేపంలా ఉందన్నాడు. గురువారం కాలేజీవాళ్ళు ఫోన్ చేసి, మర్యాదగానే, వేరేవాళ్ళని చూసుకుంటామన్నారు. "పోనీలే, ఇక్కడి బల్ల ఎక్కడికీ పోలేదుగా," అని ఆయన ఓదార్చాడు.

ఆ తర్వాత అదొక ఇంటి హాస్యమైపోయింది. ఆయన పక్కన కూర్చుంటే ఆవిడ చేతికీ బండి స్టార్టయ్యేది. "నేనుంటే భయపడి మాట వింటుందర్రా," అని చుట్టాల ముందు అనేవాడు. కూర్చోగానే గ్లవ్ బాక్సు తెరిచి గుడ్డ తీసి అద్దం తుడవడం ఆయన అలవాటు. మనిషి శుభ్రం అలాంటిదని అందరూ అనుకునేవాళ్ళు. పదేళ్ళ కూతురు బుజ్జి "మా అమ్మ చెయ్యి పడితే బండి చచ్చిపోతుంది" అని బడిలో చెప్పొచ్చింది. ఆవిడ కూడా నవ్వేది. రెండేళ్ళపాటు తనకి తోచినవన్నీ చేసి చూసింది. ఇంజను వేడెక్కిందని చెప్పే హీటరు లైటు ఆరేదాకా ఆగింది, క్లచ్చు తొక్కి చూసింది, యాక్సిలరేటరు నొక్కి చూసింది, వదిలి చూసింది. ఆఖరికి తన చెయ్యే అంత అని ఒప్పేసుకుంది. లైసెన్సు మాత్రం గడువు దాటకుండా రెన్యూ చేయించుకుంటూ వచ్చింది.

ఎనిమిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఒంటిగంటకి అక్క పనిచేసే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. డ్యూటీలోనే గుండె పట్టుకుని పడిపోయిందట. స్పృహలోనే ఉంది, చెల్లెల్ని పిలవమంటోంది, వెంటనే రమ్మన్నారు. ఆవిడ తాళం తీసుకుని షెడ్డులోకి పరుగెత్తింది. గిరగిరా తిరగడం, అందుకోకపోవడం. మిల్లుకి ఫోన్ చేస్తే గేటు దగ్గరివాళ్ళు ఆయన్ని లోపల్నుంచి పిలిచారు.

"అక్కకి బాలేదండీ. బండి తిరుగుతోంది, అందుకోవట్లేదు. ఏం చెయ్యాలో చెప్పండి."

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు.

"వదిలెయ్," అన్నాడాయన. "ఊరికే తిప్పితే బ్యాటరీ పోతుంది. బస్సుకి వెళ్ళిపో. నేను సాయంత్రం వస్తా."

రెండు బస్సులు మారి ఆవిడ చేరేసరికి అయిదు కావస్తోంది. నాలుగూ ఇరవైకి అక్క పోయింది. తోటి నర్సు చెప్పింది, చివరిదాకా గుమ్మం వైపే చూస్తూ ఉందని. ఆ సాయంత్రం ఆయన మిల్లు జీపులో వచ్చాడు. ఆవిడ భుజాలు పట్టుకుని ఏడ్చాడు. పదిరోజులు సెలవు పెట్టి, క్వార్టరు ఖాళీ చెయ్యడం దగ్గర్నుంచి అన్నీ దగ్గరుండి చూశాడు. ఇలాంటి భర్త అందరికీ దొరకడని ఆవిడ అప్పట్లో ఒకరిద్దరితో అంది కూడా.

ఈ ఏడు మొదట్లో ఆయనకి మిల్లులోనే పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. నెల్లాళ్ళకి మాట కొంచెం తిరిగి వచ్చింది గానీ ముద్దముద్దగా, ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టు ఉండేది. వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. టాక్సీవాళ్ళు మనిషిని ఎత్తి ఎక్కించాలనేసరికి విసుక్కునేవారు. ఎత్తు సీటున్న బండి మీకే ఉందిగా, దాంట్లో తీసుకురండి, ఎక్కించడం సులువు అని ఫిజియో డాక్టరు సలహా ఇచ్చాడు. బండి అప్పటికి నాలుగు నెలలుగా కదల్లేదు.

ఎలక్ట్రీషియన్ని పిలుస్తానని చెబితే, కిటికీ పక్క కుర్చీలో ఉన్న ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దు. అమ్మెయ్."

"ఎందుకండీ అమ్మడం? మీకోసమేగా."

"అమ్మెయ్," అన్నాడు మళ్ళీ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇష్టపడి కొనుక్కున్న బండి ఇంకొకరి చేతిలో పడుతుందని బాధపడుతున్నాడని ఆవిడ అనుకుంది. అరచెయ్యి నిమిరి, అమ్మనని మాటిచ్చింది.

వచ్చిన ఎలక్ట్రీషియనుకి అరవై అయిదేళ్ళుంటాయి. చిన్న బల్బుకి రెండు వైర్లు కట్టి మెడలో వేసుకుని తిరుగుతాడు కాబట్టి బజారులో అందరూ టెస్ట్‌ల్యాంపు అంటారు. బానెట్ ఎత్తి లోపలికి చూసి ముక్కు చిట్లించాడు.

"ఎన్నాళ్ళయిందమ్మా కదిలించి?"

"నాలుగు నెలలు, అన్నయ్యగారూ."

"నాలుగు నెలలు పడుకుంటే మనకే కీళ్ళు పట్టేస్తాయి, దీనికి పట్టవా?"

బ్యాటరీ టెర్మినళ్ళకి ఆకుపచ్చ పొడి పేరుకుపోయి ఉంది. వేడినీళ్ళు పోసి కడిగించాడు. బ్యాటరీ ఛార్జింగుకి తీసుకెళ్ళి మర్నాడు తెచ్చి బిగించాడు. తాళం తిప్పితే సెల్ఫ్ మూలిగింది గానీ జోరుగా తిరగలేదు. ఎలక్ట్రీషియను ఇంజనుకీ బాడీకీ మధ్యనున్న జడలాంటి ఎర్తు తీగని పట్టుకుని లాగితే సగం పోగులు చేతిలోకి వచ్చేశాయి.

"చూశారా? చాలామంది ఇక్కడే మోసపోతారు. సెల్ఫ్ పోయిందని సెల్ఫ్ మారుస్తారు, బ్యాటరీ పోయిందని బ్యాటరీ కొంటారు. పోయేది ఈ తీగ. టక్కుమని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోతే కరెంటు సంగతి. గిరగిరా తిరిగి అందుకోకపోతే డీజిలు సంగతి. ముందు ఏ రోగమో తెలియాలి, మందు తర్వాత."

"దీనిది ఎప్పుడూ ఆ రెండోదే," అంది ఆవిడ. "తిరిగేది, అందుకునేది కాదు. నా చేతికి మాత్రమే. ఆయన చేతికి బాగానే అయ్యేది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదిహేడేళ్ళు."

టెస్ట్‌ల్యాంపు నవ్వాడు. "ఇనుముకి ఎవరి చెయ్యో ఎలా తెలుస్తుందమ్మా?"

ఎర్తు తీగ మార్చాక సెల్ఫ్ గిర్రున తిరిగింది. ఇంజను అందుకోలేదు. ఆవిడ మొహంలోకి చూసి ఆయన నవ్వడం మానేశాడు. పాత డీజిలు తీయించాడు, ఫిల్టరు మార్చాడు, లైన్లో గాలి చేరిందేమోనని స్క్రూ వదులు చేసి చేతిపంపు కొట్టి, బుడగలు పోయి డీజిలు ధార కట్టేదాకా ఆగాడు. హీటరు ప్లగ్గులు ఎర్రబడుతున్నాయో లేదో చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా అందుకోలేదు. అప్పుడు డీజిల్ పంపు పక్కనున్న బొటనవేలంత ఇత్తడి ముక్క చూపించాడు.

"ఇది డీజిలుకి తలుపు. కరెంటు అందితే తెరుచుకుంటుంది, అందకపోతే మూసేస్తుంది. మీరు తాళం సగం తిప్పండి, టిక్కుమంటుందేమో వింటాను."

ఆవిడ తిప్పింది. ఏ చప్పుడూ లేదు. ఆ ముక్కకి వచ్చే వైరుకి బల్బు ఆనించాడు. వెలగలేదు. బ్యాటరీ నుంచి వేరే వైరు తీసి నేరుగా దానికి తాకించాడు. టిక్కుమంది.

"ఇప్పుడు కొట్టండి సెల్ఫు."

ఆవిడ తాళం పూర్తిగా తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి, స్టార్టయింది. స్టీరింగు వణుకు ఆవిడ మోచేతుల దాకా పాకింది. బండిలో ఆవిడ పక్కన ఎవరూ లేరు. ఆవిడకి ఏడుపొచ్చింది. ఎలక్ట్రీషియను చూస్తాడేమోనని కొంగుతో మొహం తుడుచుకుంది.

వైరు ఎక్కడ తెగిందో చూడాలని ఆయన దాని వెంట చేత్తో తడుముకుంటూ పోయాడు. ఇంజను వెనక గోడలోంచి అది బండి లోపలికి దూరింది. డ్యాష్‌బోర్డు కిందికి ఒరిగి టార్చి వేసి చాలాసేపు చూశాడు. తర్వాత గ్లవ్ బాక్సు నాలుగు స్క్రూలూ విప్పి బయటికి లాగాడు. వెనక గోడకి, లోపల పైమూలన, వేలు పెడితే అందేటట్టు చిన్న స్విచ్చు బిగించి ఉంది.

"రోగం కాదమ్మా ఇది," అన్నాడు. "ఎవరో పెట్టిందే. దొంగల భయానికి పెట్టిస్తారు. ఇది ఆఫ్‌లో ఉంటే బ్రహ్మదేవుడొచ్చినా స్టార్టవదు. పని మాత్రం అద్భుతంగా చేశాడు, టంకం చూడండి ఎంత నున్నగా ఉందో. మీవారు చెప్పలేదా?"

ఆవిడ వంగి లోపలికి చూసింది. అతుకు మీది టేపు కొస ఊడి వేలాడుతోంది. మైనం గీకే వేళ్ళతో దాన్ని మెల్లిగా విప్పింది. కింద, వైరుకి చుట్టి, పచ్చబడిన చిన్న చీటీ. తేదీ ఉంది. ఆ తేదీ ఏదో గుర్తు చేసుకోవలసిన అవసరం ఆవిడకి రాలేదు. కాలేజీలో చేరవలసిన సోమవారానికి ముందురోజు. తాను టార్చి పట్టుకుని నిలబడిన ఆదివారం.

"ఒంట్లో బాలేదా అమ్మా?" అన్నాడు ఎలక్ట్రీషియను.

"బాగానే ఉంది. దాన్ని తీసేసి వైరు తిన్నగా కలిపేయండి."

"దొంగలకి మంచిదమ్మా, ఉంచుకుంటే..."

"తీసెయ్యండి."

ఎలక్ట్రీషియను వెళ్ళాక ఆవిడ షెడ్డులో డ్రైవరు సీట్లో అలాగే కూర్చుండిపోయింది. మొదట పసుపుపచ్చ గుడ్డ గుర్తొచ్చింది. చుట్టాల ముందు నవ్వులు, బుజ్జి బడిలో చెప్పిన మాట, తను రెండేళ్ళు క్లచ్చు తొక్కి, వదిలి, చేతులు కడుక్కుని మరీ తాళం తిప్పిన పొద్దున్నలు వరసగా వచ్చాయి. వాటన్నిటికీ ఒళ్ళు మండింది గానీ తట్టుకోగలిగింది. ఆ తర్వాత ఒంటిగంటకి చేసిన ఫోన్ గుర్తొచ్చింది. అవతల మాట రాని ఆ కాసేపు గుర్తొచ్చింది. గ్లవ్ బాక్సులో వేలు పెట్టి స్విచ్చు పైకి నొక్కు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆవిడ పైకి ఆ మాటలు అని చూసుకుంది. ఊపిరి ఒకసారి పీల్చి వదిలేలోగా అయిపోయింది.

ఆవిడ లోపలికి వెళ్ళి ఊడదీసిన స్విచ్చు భర్త ఎడం అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూసి, కిటికీలోంచి బయటికి చూశాడు.

"దొంగలు," అన్నాడు.

"దొంగలకైతే నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ అన్నం కలిపి చెంచాతో తినిపించింది, మందులు వేసింది, మూతి తుడిచింది. మర్నాడూ అడిగింది, ఆ మర్నాడూ అడిగింది. ఒక్కసారీ గొంతు పెంచలేదు. నాలుగో రోజు ఆయన ఏడుస్తూ మొదలుపెట్టాడు. ఒక్కో మాటా లాక్కుని లాక్కుని బయటికి తెచ్చాడు.

"ఒక్క... వారం... అనుకున్నా. ఉద్యోగం... పోయాక... తీసేద్దామని."

"మరి తియ్యలేదేం?"

"అందరూ... నవ్వారు. బాగుంది."

ఆవిడ చాలాసేపు ఆయన్నే చూసింది. ఇందులో ఏదో పెద్ద కారణం ఉంటుందనుకుంది. అనుమానమో, పగో, కనీసం భయమో. అదేమీ కాదు. నలుగురూ నవ్వితే బాగుందట.

"అక్క పోయిన రోజు ఫోన్ చేశాను. మీరు ఫోన్లోనే ఉన్నారు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "చెబితే... తెలిసిపోయేది."

"ఏం తెలిసిపోయేది?"

"అంతా."

అంతే. ఇంకేమీ చెప్పడానికి ఆయన దగ్గర లేదని ఆవిడకి అర్థమైంది.

ఆదివారం బుజ్జి వచ్చింది. బ్యాంకులో పనిచేస్తోంది, ఊరికి ఆ కొసన కాపురం. వంటింట్లో గోడకి ఆనుకుని తల్లి చెప్పింది మొత్తం విని, గొంతు తగ్గించి అంది, "తప్పే అమ్మా, కాదనను. కానీ ఆయన్ని చూడు, చెంచా పట్టుకోలేకపోతున్నాడు. ఇప్పుడు ఇదంతా తవ్వి ఏం లాభం?"

"నేను తవ్వలేదే. వైరు వెతికితే దొరికింది."

"నాన్న నిన్నెప్పుడైనా కొట్టాడా? తిట్టాడా? ఏదడిగినా సరేనన్నాడుగా."

"అవును. అన్నిటికీ సరేనన్నాడు," అంది తల్లి. కూతురికి ఆ మాటలో ఏం వినిపించిందో గానీ, టీ గిన్నె కడగడం మొదలుపెట్టింది. వెళ్ళేటప్పుడు తండ్రి నుదుటి మీద ముద్దు పెట్టింది. తల్లికి మాత్రం, "నువ్వు కాస్త మనసు పెద్దది చేసుకో," అని చెప్పి వెళ్ళింది.

మంగళవారం ఆవిడ ల్యాబుకి సెలవు పెట్టింది. పక్కింటావిణ్ణి ఆయన దగ్గర కూర్చోబెట్టి, ఒంటిగంట అయ్యేదాకా ఆగి, బండి తీసింది. చేతి గడియారం విప్పి డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుంది. మొదటి పది కిలోమీటర్లు లారీ వచ్చినప్పుడల్లా పక్కకి ఒదిగిపోయింది. తర్వాత కాళ్ళకి పాత పాఠం గుర్తొచ్చింది.

ముప్పై అయిదో కిలోమీటరు దగ్గర డెంటల్ కాలేజీ గేటు కనిపించింది. ఇప్పుడది అయిదంతస్తులయింది. తెల్లకోట్ల పిల్లలు గుంపుగా రోడ్డు దాటుతుంటే ఆగవలసి వచ్చింది. ల్యాబు ఏ వైపు ఉంటుందో కూడా తనకి తెలియదని ఆవిడకి అప్పుడే తట్టింది. పిల్లలు దాటేశాక ముందుకి పోయింది.

కాలేజీ దాటాక వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకడం మొదలుపెట్టింది. బండి పక్కకి తీసి ఆపింది. వేడి మీద రేడియేటరు మూత తియ్యొద్దని, ముందు పైపులు చూడమని టెస్ట్‌ల్యాంపు చెప్పాడు. కింది పైపు అతుకు దగ్గర నీళ్ళు చెమ్మగిల్లుతున్నాయి. చల్లారేదాకా కూర్చుని, స్క్రూడ్రైవరుతో క్లిప్పు బిగించి, సీసాలో నీళ్ళు పోసి మళ్ళీ బయల్దేరింది. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది.

ఆసుపత్రి ముందు ఆగి గడియారం చూసింది. ఆగిన ఇరవై అయిదు నిమిషాలు తీసేస్తే గంటా పది నిమిషాలు. అంటే రెండుంబావుకి వచ్చేసి ఉండేది. అక్క నాలుగూ ఇరవై దాకా ఉంది. రెండు గంటల పైన ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని ఉండేవాళ్ళు. డాక్టర్లు బతికించేవాళ్ళేమీ కాదు, ఆ సంగతి ఆవిడకి తెలుసు. లోపలికి వెళ్ళలేదు. లోపల తెలిసినవాళ్ళెవరూ లేరు. గేటు దగ్గర కాపలావాడు విజిల్ ఊది పక్కకి తియ్యమని సైగ చేశాడు. ఆంబులెన్సు రావాలట. ఆవిడ బండి వెనక్కి తిప్పింది.

ఇల్లు వదిలి వెళ్ళిపోవాలని ఆవిడ కొన్నాళ్ళు అనుకుంది. ఎక్కడికి అన్న దగ్గర ఆలోచన ఆగిపోయేది. వెళ్ళగలిగిన చోటు ఒక్కటే ఉండేది, అక్క క్వార్టరు. పైగా కుడి కాలు ఈడ్చే మనిషిని కుర్చీలో వదిలేసి తాళం వేసుకుని పోవడానికి చేతులు రాలేదు. అది ప్రేమ కాదని ఆవిడకి స్పష్టంగా తెలుసు. ఆయనకి ఎనిమిదింటికి అన్నం, తొమ్మిదింటికి మందులు, రోజు విడిచి రోజు స్నానం. అవసరమైన మాటలు తప్ప ఇంకొకటి ఆవిడ నోటి నుంచి రాలేదు. సాయంత్రం ఆవిడ ల్యాబు నుంచి రాగానే ఆయన ఏదైనా మాట కోసం కళ్ళెత్తి చూసేవాడు. కాసేపటికి దించేసుకునేవాడు.

బండి మీద మాత్రం ఆవిడకి పంతం పట్టింది. ఆదివారాలు టెస్ట్‌ల్యాంపు కొట్టు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని ఒక్కో రోగం అడిగి తెలుసుకుంది. హెడ్‌లైట్లు మిణుకుమంటే ఏం చూడాలి, ఛార్జింగు లైటు ఆరకపోతే బెల్టా ఆల్టర్నేటరా, క్లచ్చు జారితే వాసన ఎలా వస్తుంది. వైపరు ఆగిపోతే తనే ఫ్యూజు మార్చుకుంది. కిటికీ అద్దం దిగకపోతే తలుపు ప్యానెలు విప్పి మోటారు తీగ తనే అతికించింది.

"మీకు ముప్పై ఏళ్ళున్నప్పుడే వచ్చి ఉంటే నాకన్నా పెద్ద మెకానిక్కు అయ్యేవాళ్ళమ్మా," అన్నాడాయన ఒకరోజు, మెచ్చుకోలుగా. ఆవిడ నవ్వడానికి ప్రయత్నించింది. మొహం సహకరించలేదు.

ఫిజియోథెరపీకి సోమ, బుధ, శుక్రవారాలు. వెనక సీట్లోకి ఆయన్ని ఎక్కించి, బెల్టు పెట్టి, ఆవిడ ముందు కూర్చుని నడిపేది. ముందు సీటు ఖాళీగా ఉన్నా అక్కడ కూర్చోబెట్టలేదు. అద్దంలో ఆయన మొహం కనిపించకుండా అద్దాన్ని కాస్త పైకి తిప్పుకుంది.

మూడు నెలలకి ఆయన మాట కొంత తేటపడింది. ఒక శుక్రవారం కొత్తగా చేరిన ఫిజియో అమ్మాయి ఆయన మోకాలు వంచుతూ, మంచి చేసుకోవడానికన్నట్టు అడిగింది.

"ఆ పెద్ద బండి ఆంటీయే నడుపుతారా అంకుల్? భలే నడుపుతున్నారే."

ఆయన మొహం వెలిగింది. నెలల తర్వాత ఎవరో తనని మనిషిలా పలకరించారన్న సంతోషం అందులో కనిపించింది.

"మొదట్లో... స్టార్ట్ చెయ్యడం కూడా... వచ్చేది కాదు," అన్నాడు నెమ్మదిగా, అందరికీ వినిపించేలా. "నేనే... నేర్పించా."

గదిలో ఉన్న ఇంకో ఇద్దరు రోగులు ఆవిడ వైపు చూసి నవ్వారు. ఆయన కూడా వంకర నోటితో నవ్వుతూ, అవునను అన్నట్టు ఆవిడ వైపు చూశాడు.

ఆవిడ వంగి కుర్చీ కింద నుంచి ఆయన బూటు తీసింది. కుడి పాదం ఎత్తి అందులోకి దూర్చి, పట్టీ బిగించింది. మరీ బిగుతైందేమోనని వేలు పెట్టి చూసి ఒక రంధ్రం వదులు చేసింది. తర్వాత లేచి, తాళాలు తీసుకుని, బండి గుమ్మం ముందుకి తెస్తానని ఫిజియో అమ్మాయికి చెప్పి బయటికి నడిచింది.